తొంభై ఏడు పైపు

బంకు వెనక గది నుంచి

బావా,

నేనేం ఏడవలేదు. పెట్రోలు ఆవిరి కళ్ళకి పట్టింది, అంతే. నువ్వు అడగలేదనుకో. కానీ అద్దంలోంచి చూశావు కదా, అడుగుతావేమోనని ముందే చెప్తున్నా.

అసలు నువ్వని గుర్తే పట్టలేదు. తెల్ల చొక్కా, టోపీ, ఆ నల్ల కారు. ఇంట్లో చిరుగుల బనీను వేసుకుని అక్కతో పోట్లాడే బావేనా అనిపించింది. నా వైపు చూడకుండా "తొంభై ఏడు. ఫుల్ చెయ్" అన్నావు. ఎవరో పెద్దమనిషి అనుకుని "అలాగేనండి" అనేశాను. వెనక సీట్లో మీ సారు ఉన్నారని నువ్వూ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. నాజిల్ లోపల ఉన్నంతసేపు ఇద్దరం పరాయివాళ్ళలాగా మీటరు చూస్తూ నిలబడ్డాం. ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తోంది.

పని బాగానే ఉంది. గదిలో నాతో పాటు టైర్లు, ఆయిల్ డబ్బాలు కూడా ఉంటాయి. అవేం మాట్లాడవు, కాబట్టి మాకు బాగానే కుదిరింది. రోజంతా నేను అనాల్సింది "జీరో చూడండి" అని రెండే ముక్కలు. మొదట్లో అవి కూడా గొంతు దాటేవి కావు. నేను అనేసరికి మీటరు సగం తిరిగిపోయేది. మా ఇన్‌ఛార్జి, అందరూ మీసాలాయన అంటారు, "వీడికి పుట్టినప్పుడే సైలెన్సర్ బిగించారు" అని అందర్నీ నవ్వించాడు. అయినా నన్ను తిట్టడు. పైగా పెద్ద కార్లు ఆగే చివరి పంపు నాకే ఇచ్చాడు. తొంభై ఏడు పైపు ఉండేది దానికొక్కదానికే. మిగతా కుర్రాళ్ళవన్నీ తొంభై ఒకటి.

ఒకటి అడగనా. ఆ నంబరు ఏంటి బావా? ఎక్కువైతే బలమా? ఇక్కడ అడిగితే నవ్వుతారని అడగలేదు.

అక్కకి చెప్పు, వేళకి తింటున్నానని.


సారు వాళ్ళ కార్ల షెడ్డు నుంచి

ఒరేయ్ బామ్మర్దీ,

నోటితో రెండు ముక్కలు రావు గానీ వేళ్ళతో ఇంత పురాణం విప్పావా. మీ అక్కకి చదివి వినిపించాను. "వాడు ఏడ్చాడు, నాకు తెలుసు" అంది. ఇక నువ్వెంత మొత్తుకున్నా లాభం లేదు, ఆవిడ తీర్పు చెప్పేసింది.

నంబరు సంగతి. అది బలం కాదురా, ఓపిక. ఇంజన్ లోపల పెట్రోలు ఆవిరిని పిస్టన్ అదిమి అదిమి నొక్కుతుంది. బాగా నొక్కాక నిప్పురవ్వ పడాలి, అప్పుడు అంటుకోవాలి. నంబరు తక్కువైందనుకో, ఆ నొక్కుడికే ఆగలేక ముందే భగ్గుమంటుంది. మీ అక్కలాగా. నేను మాట పూర్తి చేసేలోపే. నంబరు ఎక్కువైన పెట్రోలు నాలాంటిది, ఎంత నొక్కినా పడుంటుంది. (ఈ ముక్క ఆవిడకి చదవలేదు.)

సారు కారు ఇంజన్ గట్టిగా నొక్కే రకం. పెట్రోలు మూత దగ్గర తలుపు తెరిస్తే లోపలి వైపు చిన్న చీటీ అంటించి ఉంటుంది, తొంభై ఏడుకి తగ్గకూడదని. ఏ బండికైనా ఆ చీటీ చూసుకోవడమే. దాని మీద ఉన్నదానికంటే ఎక్కువ పోస్తే దండగ. తక్కువ పోస్తే ఇంజన్ తన్నుకుంటుంది. కొత్త కార్లు కొన్నాళ్ళు సర్దుకుపోతాయి గానీ, ఎప్పుడూ అదే పోస్తుంటే లోపల దెబ్బతింటుంది.

ఇంకో మాట. "పట్నంలో ఇన్ని బంకులుండగా హైవే మీద ఆ బంకే ఎందుకయ్యా" అని సారు అడిగారు. మా బావమరిది అక్కడ పని చేస్తాడండి, కళ్ళు మూసుకుని నమ్మచ్చు అన్నాను. ఆయన ఇంకేం అడగలేదు. వారం వారం కొండ మీద ఇంటికి వెళ్ళేటప్పుడు ఇక అక్కడే పోయించడం. కాబట్టి బుద్ధిగా ఉండు. ఆ కారుకి నేను ముందు డ్రైవర్ని, నువ్వు వెనక డ్రైవరువి.


బంకు నుంచి, ఖాళీగా ఉన్నప్పుడు

బావా,

వెనక డ్రైవరు అన్నావు చూడు, ఆ ముక్క చాలాసార్లు చదువుకున్నాను. ఇప్పుడు ఏ కారు వచ్చినా తలుపు తెరవగానే ముందు చీటీ చూస్తున్నా.

మొన్న ఒకాయన డొక్కు స్కూటరు తోసుకుంటూ వచ్చి తొంభై ఏడు కొట్టమన్నాడు. దీనికి అక్కర్లేదండి అందామనుకున్నా, నోరు రాలేదు. ఆయన సీటు నిమురుతూ "ఇవాళ దీని పుట్టినరోజు, మంచిది తాగనీ" అన్నాడు. పోశాను. ఎంత తన్నినా స్టార్ట్ కాలేదు. మళ్ళీ తోసుకుంటూనే పోయాడు. పోతూ పోతూ నాకు చెయ్యి ఊపాడు కూడా.

ఒక డాక్టరమ్మ వస్తుంది. చిన్న ఎర్ర కారు. దాని చీటీ మీద కూడా తొంభై ఏడే. ప్రతిసారీ అద్దం దించి "థాంక్స్ నాన్నా" అంటుంది. ఇక్కడ నన్ను అలా పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు.

అది కాదు గానీ బావా. ఈ వారం నుంచి కొన్నాళ్ళు పట్నంలోనే నింపుకుని రారాదూ? ఇక్కడ జనం ఎక్కువగా ఉంటున్నారు. మీ సారుకి ఆలస్యమవుతుంది.

ఊరికే అన్నాను.


కార్ల షెడ్డు నుంచి

బామ్మర్దీ,

జనం అన్నావు. మేం వచ్చేసరికి మీవాళ్ళు ఈగలు తోలుకుంటున్నారు. మీసాలాయన కుర్చీలో కూర్చుని ఆ మీసమే దువ్వుకుంటున్నాడు. నువ్వు మాత్రం నా మొహం చూడలేదు. నాజిల్ పెట్టినప్పటి నుంచి తీసేదాకా మీటరు వైపే తిరిగి నిలబడ్డావు. పెళ్ళిచూపుల్లో మీ అక్క కూడా అంత తల వంచుకోలేదురా. ఆవిడ నన్నే తల వంచుకునేలా చేసింది, అది వేరే సంగతి.

కొండ ఎక్కుతుంటే కారు అదోలా చప్పుడు చేసింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు. పికప్ కూడా పడిపోయింది. సారు చదువుతున్న పేపరు దించి "ఏంటది" అన్నారు. రోడ్డు బాగోలేదండి అన్నాను. రోడ్డు అద్దంలా ఉంది.

క్రితంసారి కూడా సన్నగా వినపడింది, నా చెవిలోనే ఏదో అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడానికి లేదు. నాకు ఆ చప్పుడు తెలుసు.

పైపు మారిందా? మారితే మారింది, అదేం నేరం కాదు. ఎవరికైనా జరుగుతుంది. చెప్పెయ్, సరి చేసుకుందాం.


బంకు నుంచి

బావా,

తొంభై ఏడు పైపే పెట్టాను. ఒట్టు. పైపు మారలేదు.

అక్కకి దగ్గొస్తోందట కదా, తగ్గిందా?


ఇంటి నుంచి

బామ్మర్దీ,

నువ్వు ఒట్టేశావు, ఆ మాట మీదే ఉన్నాను. ఆ తర్వాత కూడా మీ బంకుకే వచ్చాం, చూశావు కదా. అక్క దగ్గు తగ్గింది, నోరు తగ్గలేదు.

కారు వర్క్‌షాపులో ఉంది. ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. చిన్నదే అయ్యుంటుంది. ఈలోగా నాకు సెలవు. హాయిగా ఉంది. మీ అక్కకి కూరగాయలు తరిగి పెడుతున్నాను. ముక్కలు ఒకలా లేవని ఆవిడ, నోట్లోకి వెళ్ళాక ఎలా ఉంటే ఏంటని నేను. నువ్వేం బుర్ర పాడుచేసుకోకు. పని జాగ్రత్తగా చేసుకో.


ఇంటి నుంచి, మీ బావ ఫోన్లోంచి

తమ్ముడూ,

అక్కని. ఆయన ఫోన్ ఛార్జింగుకి పెట్టి బయటికి వెళ్ళాడు.

సెలవు అని నీకు రాశాడు, చూశాను. సెలవు కాదు. వర్క్‌షాపు వాళ్ళు కారుకి కంప్యూటరు తగిలించి చూసి, దీంట్లో చాలా రోజుల నుంచి తక్కువ నంబరు పెట్రోలు పోస్తున్నారు అన్నారట. సారు అందరి ముందూ అడిగాడు. వంటామె ఉంది, తోటమాలి ఉన్నాడు. "చవకది పోయించి మంచిదాని బిల్లు చూపిస్తున్నావా" అన్నాడట. మీ బావ ఒక్క మాట మాట్లాడకుండా తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాడు. నాకు వంటామె చెబితే తెలిసింది.

నాతో అయితే కూరలో ఉప్పు తక్కువైనా పంచాయితీ పెట్టే మనిషి. దొంగ అంటే నోరు లేవలేదట. తప్పు లేకపోతే ఎందుకు లేవలేదు? అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటాడు. టోపీ బీరువా మీద పడేశాడు. వీధిలో ఎవరైనా "ఏంటి, బండి లేదా" అంటే గబగబా లోపలికి వచ్చేస్తాడు.

పెళ్ళయ్యాక ఆ మనిషి మీద నాకు మొదటిసారి అనుమానం వచ్చింది తమ్ముడూ. వచ్చినందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది. అన్నం పెడుతుంటే ఆయన మొహం చూడలేకపోతున్నాను.

పైపు పట్టుకునేది నువ్వు. నీకు తెలుస్తుంది. తొంభై ఒకటి పొయ్యమని ఎప్పుడైనా నీతో అన్నాడా? ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఎవరికీ చెప్పను. ఇది చదివాక తీసెయ్.


బంకు వెనక గది నుంచి

అక్కా, బావా, ఇద్దరికీ,

తీసెయ్యమన్నావు, తీసెయ్యలేదు అక్కా. ఇది బావ కూడా చదవాలి.

బావ ఎప్పుడూ తొంభై ఏడే అన్నాడు. నేనూ తొంభై ఏడు పైపే పెట్టాను. ఆ పైపులోంచి వచ్చింది మాత్రం తొంభై ఒకటి.

తొంభై ఏడు ట్యాంకరు రావడం ఆగిపోయింది. ఆ పంపు మూసేస్తే పెద్ద కార్లు పక్క బంకుకి పోతాయని మీసాలాయన భయం. మామూలు ట్యాంకరు తెప్పించి, అందులో సగం తొంభై ఏడు ట్యాంకులోకి దించమన్నాడు. నేల కింద ఉండే ఆ ట్యాంకు మూత తీసింది నేనే. పైపు జాయింటు జారకుండా పట్టుకుంది నేనే. ట్యాంకరు డ్రైవరు "ఇది ఆ మూత కాదు కదా" అంటే మీసాలాయన అతని భుజం మీద చెయ్యేసి సిగరెట్టుకి తీసుకుపోయాడు. తిరిగొచ్చి అందరికీ చెప్పాడు, అదే పైపు, అదే రేటు, అడిగితే అదే నంబరు అని. నా దగ్గరికొచ్చి, "వీడికి నోరు మూసుకోమని చెప్పే పని లేదు, మూసుకునే పుట్టాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను అక్కా. ఆ నవ్వు గుర్తొస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియట్లేదు.

బాగా పని చేస్తున్నానని చివరి పంపు ఇచ్చాడనుకున్నాను. నన్ను అక్కడే ఎందుకు ఉంచాడో అప్పుడు అర్థమైంది. నేను పడే సిగ్గు ఆయనకి పనికొచ్చింది.

మర్నాడు డాక్టరమ్మ వచ్చి థాంక్స్ నాన్నా అంది. నేను తలూపాను.

బావ వచ్చినప్పుడు చెబుదామనే అనుకున్నా. మూత తిప్పుతూ అనుకున్నా, ఇప్పుడు చెప్తాను. మీటరు తిరుగుతుంటే అనుకున్నా, ఇప్పుడు. కారులో సారు, కుర్చీలో మీసాలాయన. నాజిల్ టక్కున ఆగింది, కారు వెళ్ళిపోయింది. తర్వాత వారమూ అంతే. అది పోనీ. బావ మెసేజ్ పెట్టి అడిగినప్పుడు ఎదురుగా ఎవరున్నారు? గదిలో నేనూ, టైర్లూ. అప్పుడు కూడా పైపు మారలేదని రాశాను. అబద్ధం కాకుండా, నిజం కూడా కాకుండా ఉండే మాట కోసం వెతికాను. రాసి, తీసేసి, మళ్ళీ రాశాను. నాకు మాటలు రావని అందరూ అంటారు. అలాంటి మాట అవసరమైతే బాగానే వచ్చింది.

బావ దొంగ కాదు అక్కా. ఆయనకి అన్నం పెట్టేటప్పుడు మొహం చూసి పెట్టు.


ఇంటి నుంచి

నాయనా,

నీ మెసేజ్ మీ అక్క పైకి చదివింది. సగంలో ఆపి ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మిగతాది నేను చదువుకున్నాను. తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "నీకు ముందే తెలుసా" అని అడిగింది. ఆవిడకి చెప్పిందే నీకూ చెప్తున్నా.

తెలుసు. పట్నంలో నింపుకోమని నువ్వు రాసినప్పుడే ఏదో ఉందనుకున్నా. చప్పుడు విన్నాక ఖాయమైంది. ఎప్పుడూ ఒట్టెయ్యనివాడివి, అడక్కుండానే ఒట్టేశావు. అయినా కారు మళ్ళీ అక్కడికే తీసుకొచ్చాను. ఎందుకో చెప్పనా. వేరే బంకుకి తిప్పితే సారు కారణం అడుగుతారు. కళ్ళు మూసుకుని నమ్మచ్చు అన్నది నేను. నా మాట పోతుందని, తెలిసి తెలిసీ ఆయన ఇంజన్‌లో అదే పోయించాను. దొంగ అన్నప్పుడు నోరు లేవకపోవడానికి కారణం అది. దొంగని కాదు, కానీ కడిగిన ముత్యాన్నీ కాదు. సిగ్గు నీ ఒక్కడిదే అనుకోకు.

సారు దగ్గర నీ ఊసు ఎత్తలేదు. ఎత్తితే ఇద్దరూ కలిసి చేశారంటారు. నీ పని పోతుంది, ఆ గది పోతుంది. నన్నైతే ఎవరో ఒకరు పెట్టుకుంటారు. స్టీరింగు పట్టుకోవడం మర్చిపోలేదు కదా.

కారు బాగై వచ్చింది. ఈ ఆదివారం సారు కొత్త డ్రైవరుతో కొండకి వెళ్తూ మీ బంకులో ఆగుతారట. పోసేటప్పుడు తనే చూస్తానన్నారట, వంటామె చెప్పింది. నిన్ను ఏమైనా అడిగితే నాకు తెలీదండి అను. తల వంచుకుని నిలబడు. అది నీకు బాగా వచ్చు.

ఆ చివరి మాట తీసేద్దామనుకున్నా. ఉండనీ.


హైవే మీద బస్టాపు నుంచి, సంచీతో

బావా,

సారు వచ్చారు. కొత్త డ్రైవరు నాకంటే కాస్తే పెద్దవాడు. టోపీ చెవుల మీదకి దిగిపోతోంది. తొంభై ఏడు ఫుల్ అన్నాడు. నాజిల్ చేతిలోకి తీసుకున్నాను. తలుపు తెరిచాను, చీటీ చూశాను, నాజిల్ మళ్ళీ పంపుకి తగిలించేశాను.

"ఏమైంది" అన్నాడు. ఇందులో తొంభై ఏడు లేదండి అన్నాను. అతనికి వినపడలేదు. వెనక అద్దం దిగింది. "మళ్ళీ చెప్పు" అన్నారు సారు. చెప్పాను. మీసాలాయన కుర్చీలోంచి లేచి వస్తున్నాడు. "గట్టిగా చెప్పు" అన్నారు. గట్టిగా చెప్పాను బావా. గొంతు పగిలి కీచుమంది. అవతలి పంపు దగ్గర కుర్రాళ్ళు నవ్వబోయి ఆగిపోయారు. ఏది దించామో, ఎవరు దించమన్నారో, మూత ఎవరు తీశారో, అన్నీ చెప్పాను. మీసాలాయన వచ్చి "వాడికి మతి సరిగా లేదండి, మాట కూడా రాదు" అన్నాడు. "ఇప్పుడు బాగానే వచ్చింది కదా" అన్నారు సారు.

తర్వాత కారు దిగి, నన్ను గాలి మిషను పక్కకి తీసుకెళ్ళి, నువ్వెవరు అన్నారు. మీ పాత డ్రైవరు బావమరిదినండి అన్నాను. "ఈ సంగతి అతనికి తెలుసా?" తెలుసండి అన్నాను. చెప్పకూడదేమో. కానీ ఇంకోసారి మాటలు వెతుక్కోవడం నావల్ల కాలేదు. "తెలిసి కూడా నా ముందు దొంగలా ఎందుకు నిలబడ్డాడు?" నాకోసమండి అన్నాను. నీ మాట పోతుందని నువ్వు భయపడిన సంగతి మాత్రం చెప్పలేదు. అది నువ్వే చెప్పుకో.

సోమవారం నిన్ను రమ్మన్నారు. "అందరి ముందూ అన్నాను కాబట్టి అందరి ముందే వెనక్కి తీసుకుంటాను" అన్నారు. తాళాలు మళ్ళీ ఇస్తారో లేదో అడగలేదు. మొహం చూస్తే తెలియలేదు.

నేను బట్టలు సర్దుకునేదాకా మీసాలాయన గుమ్మంలో నిలబడి చూశాడు. యూనిఫాం చొక్కా విప్పి టైర్ల మీద పెట్టి వచ్చాను. రోడ్డు దాటుతుంటే డాక్టరమ్మ కారు బంకు వైపు తిరుగుతోంది. చెయ్యెత్తి ఆపాను. ఆమెకి కూడా చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి అంది. చెప్పాను. ఈసారి థాంక్స్ అనలేదు. అద్దం ఎత్తేసుకుని పోయింది. చెప్పేస్తే తేలిగ్గా ఉంటుందనుకున్నా బావా. లేదు.

అక్క రమ్మని మెసేజ్ పెట్టింది. ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయింది, ఎక్కలేదు. ఎందుకంటే సారు కారెక్కబోతూ ఆగి ఇంకోటి కూడా అడిగారు. "నీకోసం అతను అంత మోశాడు. అతని కోసం నువ్వు ఇన్నాళ్ళూ ఒక్క మాట ఎందుకు అనలేదు?" కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగారు. సిగ్గండి అందామనుకున్నా. సిగ్గున్నవాడైతే అసలు ఆ మూత తియ్యడు కదా. భయమండి అందామనుకున్నా. గదిలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఎవరికి భయపడ్డాను? ఆయన కారు తలుపు వేసుకుని వెళ్ళిపోయారు.

నన్ను నాకంటే నువ్వే ఎక్కువ చూశావు బావా. నువ్వే చెప్పు, నేనెందుకు చెప్పలేదు?